నీళ్లలో ఇంగువ

వట్టివేళ్ల రోజు

మన్ను పొడిగా ఉంది, వేళ్ల మధ్య నలిపితే గరగరమంది. నీళ్లు చల్లగా ఉన్నాయి, వట్టివేళ్ల వాసన వేశాయి. నిప్పు రెండు ఊదులకే రాజుకుంది. గాలి పడమర నుంచి వీస్తోంది, వాసనేమీ లేదు. నాలుగూ చూసింది నేనే, దిగువ తొట్టి కాపలా నాంచారిని. తూము తెరిచాను. ఊరు తాగొచ్చు.

వట్టివేళ్ల వాసన వచ్చిందంటే మా దాలయ్య క్షేమంగా పైకి చేరాడు. చూశారా, రాసేశాను! ఇలా రాయకూడదని నాకూ తెలుసు. నీళ్లలో వట్టివేళ్ల వాసన ఉంది, అంతవరకే నేను చూసింది. దాలయ్యని నేను చూడలేదు. మా ఆయన కొండెక్కి ఎగువ ఊటలో పూడిక తీయడానికి వెళ్లినప్పుడల్లా ఒక కట్ట వట్టివేళ్లు కాలవలో వేస్తాడు. ఆ నీళ్లు రాత్రంతా కొండ దిగి పొద్దుటికి నా తొట్టిలోకి వస్తాయి. మొగుడూ పెళ్లాల మధ్య ఏర్పాటు అది. ఊరి నియమానికి అలాంటి ఏర్పాట్లు తెలియవు. కొండమీద పొగ కనిపిస్తే పొగ అని రాయాలి, నిప్పు అని రాయకూడదు. నిప్పు అని రాయాలంటే ఎక్కి వెళ్లి చెయ్యి పెట్టి చూడాలి.

మా ఊళ్లో రోజులకి లెక్కలుండవు, పేర్లుంటాయి. ఆ రోజు ఒంటికి ఏది గట్టిగా తగిలితే అదే దాని పేరు. సింహాద్రమ్మ గాడిద మీద సరుకులు తెచ్చినప్పుడు ఈ కాగితాలు తీసుకెళ్లి పెద్దలకి ఇస్తుంది. కొట్టివేతలు ఉంటే వాళ్లకి నచ్చదు, అందుకే ఏదీ కొట్టేయను. చదువుకోండి బాబూ, నాకేం భయం.

పచ్చడి రోజు

మన్ను, నిప్పు, గాలి నిన్నటిలాగే ఉన్నాయి. నీళ్లలో వట్టివేళ్ల వాసన పల్చబడింది.

ఒక్కదాన్నే తినేటప్పుడు ఎందుకో పచ్చడి ఎక్కువ కలుపుకుంటాను. చింతకాయ పచ్చడికి నాలుక పగిలింది, ఈ రోజుకి అదే పేరు. ఆయన లేకపోతే ఇల్లంతా చెవులే ఉన్నట్టుంటుంది. పొయ్యితో మాట్లాడతాను, తూముని తిడతాను, గుమ్మానికి కబుర్లు చెబుతాను. కొండ కింద ఊళ్లో అంత జనం ఉన్నారు, ఇక్కణ్ణుంచి వాళ్ల దీపాలు కూడా కనిపించవు. నేను విప్పే నీళ్లు తాగుతారని తెలుసు. తెలుసు అని కూడా రాయకూడదేమో.

చిన్నప్పుడు మాకు చదువు చెప్పిన ఓబులమ్మ టీచరు తాంబూలం వేసుకుని పాఠం మొదలుపెట్టేది. ఆకు పచ్చన, వక్క గోధుమరంగు, సున్నం తెల్లన. మూడూ నమిలి నోరు తెరిచి చూపించేది, ఎర్రగా. ఆ ఎరుపు ఎక్కణ్ణుంచి వచ్చిందర్రా అని అడిగేది. మనిషి మనసూ అంతేనంది. మన్నూ, నీరూ, నిప్పూ, గాలీ కలిస్తే పుడుతుంది, అవి విడిపోతే ఉండదు. ఆకాశాన్ని ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి మన లెక్కలో లేదు. పూర్వం ఈ దేశంలో లోకాయతులని ఉండేవారట, వాళ్లదీ ఇదే మాటట. వాళ్ల రాతలేవీ మిగల్లేదు. వాళ్లని తిట్టినవాళ్ల పుస్తకాల్లోంచి ఏరి మనవాళ్లు నియమాలు కట్టారు.

ఆ పాఠం విన్నప్పుడు బాగుందనిపించింది. ఇప్పుడు మా ఆయన కొండమీదున్నాడు. ఆయనంటే ఆ ఒళ్లే, ఆ చెమట వాసనే, ఆ గురకే. అది పోతే ఇంకెక్కడా దొరకడు. 

కూత రోజు

పొద్దున పెట్టె కూత పెట్టింది. కాసేపటికే దుమ్ముగాలి ముంచుకొచ్చింది. కొండమీద ఎక్కడో రాళ్లు దొర్లిన చప్పుడు విన్నాను. నీళ్లు మట్టివాసన వేశాయి, తేరాక రుచి చూస్తే బాగానే ఉన్నాయి. ఆలస్యంగా తూము తెరిచాను.

పెట్టె గురించి పెద్దలకి చెప్పక్కర్లేదు గానీ, నా తర్వాత ఇక్కడికి వచ్చే పిల్లెవరో చదువుతుందేమోనని రాస్తున్నాను. గోడలో ఉంది అది, మా తాతల ముందునుంచీ. ఎండ తిని బతుకుతుంది. ఎగువ ఊట దగ్గర గుడిసెలో దాని జత పెట్టె ఉంది. ఆ కాలంలో ఇలాంటివి ఇంటింటికీ ఉండేవట. ఎవరి గొంతైనా, ఎవరి నవ్వైనా అనుకరించేవట. మనుషులు పలకకపోతే మనుషుల బదులు అవే పలికేవట. ఓబులమ్మ టీచరు ముత్తవ్వకి చచ్చిపోయిన కొడుకు పెట్టెలోంచి రోజూ ఆకలేస్తోందనేవాడు, ఆవిడ రోజూ వండి విస్తరి వేసేది. ఏది నిజమో ఎవరికీ తెలియని స్థితి వచ్చాకే మనవాళ్లు అన్నీ పీకి పారేసి, ఎవరి ఒంటికి తగిలింది వాళ్లే చెప్పాలని కూర్చున్నారు. ఇక్కడి రెండింటినీ మాత్రం ఉంచారు, దుమ్ముగాలి కబురు ముందుగా చెప్పేది ఇవే కనుక. మాట్లాడితే వినకూడదు, పిలిస్తే పలకకూడదు.

సాయంత్రం పెట్టె మాట్లాడింది.

"నాంచారీ. కాలు రాయి కింద పడింది. గునపం అందట్లేదు. రా."

మా ఆయన గొంతే. నా పేరులో దీర్ఘం ఆయన తీసినట్టే తీసింది. చేతిలో చెంబు జారిపోయింది. పరుగెత్తబోయి గుమ్మం దగ్గర ఆగిపోయాను. నాకంటే ముందు ఇక్కడ గవిరి అని ఒకావిడ ఉండేది. పెట్టెలో తల్లి గొంతు విని తూము తెరిచినది తెరిచినట్టే వదిలేసి పరుగెత్తింది. తల్లికేం కాలేదు, పెరట్లో గింజలు చెరుగుతోంది. ఈలోపు తొట్టిలో ఏం పడిందో, ఊళ్లో ఇద్దరు పసివాళ్లు పోయారు. గవిరి ఆ తర్వాత ఎవరితోనూ మాట్లాడలేదు.

పలకలేదు నేను. గుమ్మంలోనే కూర్చున్నాను.

గుడ్డ రోజు

నాలుగూ చూశాను. వట్టివేళ్ల వాసన అసలు లేదు. లేదు అంటే లేదనే, ఇంకేమీ కాదు. ఒక కట్ట అయిపోయుంటుంది.

పెట్టె మళ్లీ పిలిచింది. దాహం లేదు, నీళ్ల పక్కనే ఉన్నాను, ఆకలిగా ఉంది అంది. నొప్పి మొద్దుబారింది, అదే భయంగా ఉంది అంది. దానికి నొప్పేమిటి, భయమేమిటి, దానికి ఒళ్లుందా? పాతచీర చింపి దాని నోట్లో కుక్కాను. గుడ్డలోంచి కూడా గొణుగుతూనే ఉంది. మాటలు తెలియట్లేదు, గొంతు ఆయనదని మాత్రం తెలుస్తోంది. తెలియకుండా ఉంటే బాగుండును.

ఆయన చొక్కా తీసి ముక్కుకి ఆనించుకుని పడుకున్నాను. ఇది ప్రత్యక్షం. దీన్ని ఎవరూ కాదనలేరు.

పేరు పెట్టని రోజు

నిన్న సాయంత్రం జరిగింది ముందు రాస్తాను. గుడ్డ తీశాను.  పెట్టె ఇలా అంది.

"నా మాట నమ్మవు. నేనైతే మాత్రం నమ్ముతానా? మూటలో ఇంగువ ముద్ద ఉంది. కాలవలో వేస్తున్నా. పొద్దున నీళ్లు నోట్లో పోసుకుని చూడు."

పొద్దున వెలుగు రాకముందే తొట్టి దగ్గర ఉన్నాను. మన్నుని ముట్టుకోలేదు, నిప్పు చూడలేదు. నీళ్లు నోట్లో పోసుకున్నాను. నాలుక వెనక ఎక్కడో చురుక్కుమంది. ఇంకో పుక్కిలి. ఉంది. ఇంకో పుక్కిలి. ఉందా?

ఓబులమ్మ టీచరు ఒకసారి మామూలు నీళ్లు ఇచ్చి, ఇందులో బెల్లం కలిపాను, ఎవరికి తెలిసిందర్రా అని అడిగింది. సగం మందిమి చేతులెత్తాం. నాకు తియ్యగానే తగిలింది, ఒట్టు. అప్పుడు చెప్పింది, ఫలానాది ఉందని ముందే విన్న నాలుక నీది కాదు, చెప్పినవాడిదని. అందుకే నియమం ఉంది. కొత్త రుచి అనిపిస్తే, ఏమీ చెప్పకుండా రెండో మనిషి చేత తాగించాలి. ఇద్దరికీ ఒకటే తగిలితే ఉన్నట్టు.

రెండో మనిషి ఎక్కడుంది? సింహాద్రమ్మ రావడానికి ఇంకా చాలా పొద్దులుంది. కొత్త రుచి అని రాస్తే తూము మూయాలి. మూస్తే ఊరికి నీళ్లుండవు. లేని రుచికి ఊరి గొంతెండబెట్టిందని నన్ను పట్టుకుని తిడతారు. నీళ్లు బాగున్నాయని రాసి తూము తెరిచాను.

ఆ తర్వాత పనేదీ చేయలేకపోయాను. గుమ్మంలో కూలబడ్డాను. ఆ లోకాయత మహానుభావులు పెరుగన్నం తినేటప్పుడు పక్కవాణ్ణి పిలిచి రుచి చూపించారా? హాయిగా తిని ఉంటారు. కళ్లూ నాలుకా ఉన్నది బతకడానికి అని ఉంటారు గానీ, గుమ్మంలో కూలబడమని అని ఉండరు. ఇదీ ఊహే. చదివి కోప్పడండి.

తూము రోజు

నిన్న సాయంత్రం గుడ్డ కుక్కలేదు. పెట్టె ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను.  చీకటి పడ్డాక, మిగిలిన ముద్ద కూడా వేసేశాను నాంచారీ, ఇంక నా దగ్గర ఏమీ లేదు అంది. అంతే. రమ్మని కూడా అనలేదు. ఎప్పుడైనా గట్టిగా అలిగితే ఆయన అలాగే ఆపేస్తాడు, మాట మధ్యలో. అది విన్నాక రాత్రంతా కళ్లు మూతపడలేదు.

పొద్దున నీళ్లు నోట్లో పోసుకున్నాను. ఉంది. ఊరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా నాకు ఉంది.

తూము మూసేశాను. పిడి తిప్పుతుంటే చేతులు గీరుకుపోయాయి, రోజుకి తూము పేరే పెట్టాను. నీళ్లు ఆగితే ఊరి నుంచి ఎవరో ఒకరు తిట్టుకుంటూ వస్తారు. ఎవరొచ్చినా వాళ్లకో నాలుక ఉంటుంది.

పోపు రోజు

సింహాద్రమ్మే వచ్చింది, గాడిదని తోలుకుంటూ, ఎండకి మొహం కందిపోయి. ఊళ్లో కుండలన్నీ బోర్లించి ఉన్నాయట, ఆడవాళ్లు నన్ను నానా మాటలూ అంటున్నారట, ఎవరేమన్నారో పేరుపేరునా వినిపించింది. నేను ఒక్క ముక్క మాట్లాడలేదు. మాట్లాడితే చెప్పేస్తాను. చెంబు నింపి చేతిలో పెట్టాను.

దాహం మీద గటగటా సగం తాగి ఆగింది. నావైపు చూసింది. "ఏమే, నీళ్లకి పోపు పెట్టావా?"

నేను అక్కడే మట్టిలో కూలబడి గొల్లుమన్నాను. ఆవిడ చెంబు పారేసి నన్ను పట్టుకుంది, ఏమైందే, ఇంగువ వేస్తే ఏడుస్తారా అంది. చెప్పాను. పెట్టె పిలిచిన మొదటి సాయంత్రం దగ్గర్నుంచీ అన్నీ చెప్పాను. చెబుతున్నకొద్దీ ఆవిడ మొహంలో రంగు పోయింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తొట్టి నేను చూసుకుంటాను, గాడిదని తీసుకుని ఫో అంది.

చెయ్యి రోజు

ఇది తర్వాత రాస్తున్నాను.

గునపం, తాళ్లు, జావ కుండ గాడిద మీద వేసుకుని ఎక్కాను. దారిపొడుగునా పిలుస్తూనే ఉన్నాను, ఏమయ్యా, ఏమయ్యా అని. ఊట దగ్గరికి వచ్చేసరికి గొంతు పోయింది. గుడిసె పక్కన కాలవ ఒడ్డున దొర్లిన బండ కనిపించింది. బండ చాటు నుంచి ఆయన నడుము, భుజాలు, తల. నీళ్లలో ఒక చెయ్యి వేలాడుతోంది.

ఏమయ్యా అన్నాను. కదల్లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి, కొండవైపు చూస్తున్నాయి. దగ్గరికెళ్లి వచ్చానయ్యా అన్నాను. తల అటు తిప్పుకున్నాడు.

"మాట్లాడకు. ఆ మాట చాలాసార్లు విన్నాను. చెయ్యి ఇటు పెట్టు."

పెట్టాను. ముక్కు దగ్గరికి తీసుకుని వాసన చూశాడు. చాలాసేపు చూశాడు, పొగ, పేడ, గాడిద, నా చెమట. తర్వాత అరచేయి మొహం మీద వేసుకుని ఏడ్చాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఏడవడం నేను చూడలేదు.

అప్పుడు అర్థమైంది. అక్కడి పెట్టె ఊరుకోలేదు. నేను పలకకపోతే అది పలికింది. ఇన్నాళ్లూ నేను పొయ్యితోనూ గుమ్మంతోనూ చెప్పిన మాటలు మా గోడలోని జత పెట్టె ద్వారా విని నా గొంతు నేర్చుకుంది. ఆయన పిలిచిన ప్రతిసారీ నా గొంతుతో, వస్తున్నానయ్యా, భయపడకు అని చెప్పిందట.

గునపంతో బండని లేపడానికి సాయంత్రం దాకా పట్టింది. పాదం గురించి రాయను. చూశాను కాబట్టి రాయాలంటారు. రాయను.

పొగడ్తల రోజు

ఊళ్లో వైద్యుడు మోకాలి కిందికి కాలు తీసేశాడు. ఇంకా ముందు తెచ్చి ఉంటే పాదం దక్కేదేమోనన్నాడు. అని, నాలుక్కరుచుకుని, అది ఊహలే అమ్మా, పట్టించుకోకు అన్నాడు.

పెద్దలు మమ్మల్ని రచ్చబండకి పిలిచారు. దాలయ్యని మంచం మీదే మోసుకొచ్చారు. నాంచారి గొంతుకి మోసపోలేదు, తొట్టి వదల్లేదు, ఇద్దరు రుచి చూశాకే కదిలింది, నియమం అంటే ఇలా ఉండాలి అన్నారు. పిల్లలందరి చేతా నా పేరు చెప్పించారు. ఎవరూ తిట్టకపోవడం ఇంత కష్టంగా ఉంటుందని నాకు తెలియదు. మా ఆయనవైపు చూశాను. దుప్పటి అంచు మడుస్తూ విప్పుతూ ఉన్నాడు.

వచ్చేదారిలో అడిగాడు. "నీకు వినపడిందా, మొదటి రోజే?"

"వినపడింది."

 ఎందుకు రాలేదో నేను చెప్పలేదు. గవిరి సంగతీ, పసివాళ్ల సంగతీ ఆయనకి తెలియనివా?

ఈ రోజు

నాలుగూ చూశాను, బాగున్నాయి. తూము తెరిచాను. మేమిద్దరం మళ్లీ తొట్టి దగ్గరే ఉంటున్నాం. కొండెక్కే పనికి వేరే మనిషిని పంపుతామన్నారు, ఇంకా పంపలేదు.

ఆయన మంచిగానే ఉంటాడు. పెట్టింది తింటాడు, ఉప్పు తక్కువైతే చెబుతాడు, చంకకర్రతో గుమ్మం దాకా వచ్చి నిలబడతాడు. ఒకప్పుడు నన్ను ఆటపట్టించనిదే పొద్దుపోయేది కాదు. ఇప్పుడు ఇద్దరం ఉండి కూడా ఇల్లంతా చెవులే ఉన్నట్టుంది. ఆయన లేనప్పుడు ఎదురుచూడ్డానికి ఆయన ఉండేవాడు. ఇప్పుడు ఎవరికోసం ఎదురుచూడాలో తెలియట్లేదు.

సాయంత్రం తొట్టి కడిగి లోపలికొస్తే పెట్టె నోట్లో నేను మళ్లీ కుక్కిన గుడ్డ లేదు. ఆయన ఎదురుగా పీట మీద ఉన్నాడు. పెట్టెలు రెండూ వాటిలో అవే మాట్లాడుకుంటున్నాయి. ఆయన గొంతు రమ్మంటోంది. నా గొంతు వస్తున్నానయ్యా, భయపడకు అంటోంది. ఇంత మెత్తగా నేనెప్పుడు మాట్లాడానో నాకే గుర్తులేదు.

కుక్కేయనా అన్నాను.

"ఉండనీ. అది నువ్వు కాదని నాకు అప్పుడూ తెలుసు. అయినా పిలవగానే పలికింది."

"నేను వచ్చాను కదయ్యా."

"వచ్చావు. నీ చెయ్యి వాసన చూశాను, నువ్వే." చంకకర్ర ఒళ్లోకి తీసుకున్నాడు. "ఆ మాట ఒక్కసారి నీ నోట చెప్పు."

నోరు తెరిచాను. రాలేదు. మూరెడు దూరంలో నిలబడి వస్తున్నాను అని ఎలా అంటాను? పుట్టి బుద్ధెరిగాక లేనిది ఉందని ఒక్కసారీ అనలేదు, అనడానికి నాలుక తిరగదు. ఆయన తల దించుకున్నాడు. సరేలే అన్నాడు.

నేను బయటికి వెళ్లిపోయాను. వాకిలి దాటాను, తొట్టి దాటాను, తూము దాటి కొండదారి మొదలు దాకా నడిచాను. ఇంట్లో దీపం చిన్నగా కనిపిస్తోంది, మనిషి కనిపించట్లేదు. అక్కణ్ణుంచి ఇంటివైపు తిరిగి ఒక అడుగు వేశాను. అప్పుడు ఆ మాట నిజమైంది. గొంతు చించుకుని అరిచాను.

"వస్తున్నానయ్యా, భయపడకు!"

పెట్టెలో నా గొంతు కూడా లోపల అదే అంటూ ఉండి ఉంటుంది. ఆయన దేనికి పలుకుతాడో తెలియదు. రెండో అడుగు వేయకుండా నిలబడ్డాను.

చాలాసేపటికి ఇంట్లోంచి వినపడింది, గోడలోంచి కాదు, గుమ్మంలోంచి.

"రా."

వెళ్లాను.